చప్పుడు చెయ్యని రైలు మీద ఫిర్యాదు

రైలు ఆఫీసులో ఫిర్యాదులు చూసే బాబుగారికి,

పట్టాల పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ నమస్కరించి రాసేది. మీరు కొత్త రైలు వేసిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నిన్న చొక్కాకి చెయ్యి కుట్టాల్సిన చోట జేబు కుట్టాను. ఇలాగైతే నా గిరాకీ అంతా ఎదురింటి దర్జీ పాలవుతుంది. పాత రైలే నయం.

ఇట్లు,
నిద్ర లేని మనిషి

తా.క.: సిగ్గు విడిచి చెప్తున్నా, మా ఆయన గురక పెడతాడు. పాత రైలు మోతలో అది వినపడేది కాదు.

---

అమ్మా,

రైలు చప్పుడు గురించిన మీ ఫిర్యాదు అందింది. అది అసంభవం. ఈ రైలు చక్రాల మీద నడవదు. దారిలోనూ రైల్లోనూ ఉన్న అయస్కాంతాలే దాన్ని గాల్లోకి లేపి ముందుకి నడుపుతాయి. కిందకి తగలదు కాబట్టి రాపిడీ లేదు, అరుగుదలా లేదు. మహా వేగంలో గాలి హోరు ఉంటుంది గానీ, మీ వీధి స్టేషన్ పక్కనే కాబట్టి అక్కడ వేగం తగ్గించి పిల్లిలా వస్తుంది. లోపమల్లా ఖర్చు. పాత పట్టాల మీద నడవదు, దారంతా కొత్తగా వెయ్యాలి.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: తాజాకలాలు చదవడం మా విభాగం పని కాదు. ఆ విభాగం ఇంకా పెట్టలేదు.

---

బాబూ,

రైలు చప్పుడు చేస్తోందని నేనెక్కడన్నాను? చెయ్యకపోవడమే నా ఖర్మ! గాల్లో తేలితే తేలింది, ఊరికే మోతకోసం నాలుగు చక్రాలు తగిలించకూడదూ? నమ్మకపోతే ఒక రాత్రి మా కిటికీ దగ్గరికొచ్చి మీరే వినండి.

ఇట్లు,
నిన్న జేబుకి కాలరు కుట్టిన మనిషి

తా.క.: అసలు కారణం మళ్ళీ ఇక్కడే రాస్తున్నా, గురక. పైన రాయడానికి చెయ్యి రావట్లేదు.

---

అమ్మా,

క్షమించాలి. మా ఇంజనీరు మీ కిటికీ కింద యంత్రం పెట్టి విన్నాడు. గరగరమని ఒక మోత, మధ్యమధ్యలో ఈల. రైలు వెళ్ళిపోయినా అది ఆగడం లేదు. అయస్కాంతాల్లోనే ఏదో తేడా ఉందని తేల్చాం. అది దొరికేదాకా కొత్త రైలు ఆపేసి, పక్కనున్న పట్టాల మీద పాత రైలే నడుపుతాం.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: ఇంజనీరు భయపడి సెలవు పెట్టాడు.

---

నాయనా,

నువ్వు చల్లగా ఉండాలి! పాత రైలు ధడధడలో ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. చొక్కా చేతులు చొక్కాకే కుడుతున్నాను. కాకపోతే, కొత్త రైలు నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మా ఆయనకి ఇప్పుడు నిద్ర పట్టడం లేదట. పాత రైలు మోత మీద మీకు ఫిర్యాదు రాస్తున్నాడు. ఆయనకి, మొదట నాకు పంపిన జవాబే పంపండి.

ఇట్లు,
నిద్ర చాలిన మనిషి

తా.క.: మీరిది చదవరని తెలిసే రాస్తున్నా. ఆయనకి నిద్ర లేదు కాబట్టి గురకా లేదు. అయస్కాంతాల్లో ఆ తేడా నిదానంగా వెతుక్కోండి, తొందరేం లేదు.