నల్ల కైలాసం

ఖిలా వరంగల్,
అక్టోబరు 1979

సౌభాగ్యవతి అనసూయకు, నీ బావ ఎల్లస్వామి దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమమే, ఒళ్లు మాత్రం అలిసిపోయింది. డోర్నకల్‌లో నువ్వు, పిల్లలు, మీ అన్నావదినలు బాగున్నారని తలుస్తాను.

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. రంగుపొడి మానితే గాని తగ్గదని దవాఖానలో చెప్పారు. అన్నం వేళకే వండుతున్నాను, కూరకే బద్ధకం. మీ అన్న చూసిపెట్టిన రైల్వే పనికి ఒప్పుకున్నానని ఆయనకు చెప్పు. ఇన్నేళ్లు నాటకాల తెరల మీద బొమ్మలు వేసిన చెయ్యి వ్యాగన్ల మీద నంబర్లు రాయలేకపోతుందా? ఊరినిండా సినిమాహాళ్లు వచ్చాక తెర అడిగేవాడే లేడు.

చివరి తెర పూర్తి చేసి వస్తానని కదా నిన్ను ముందు పంపాను. అది కైలాసం, కార్తీకమాసం నాటకానికి. మంచుకొండ నేనెక్కడ చూశాను? క్యాలెండర్‌లో చూసి వేస్తే పెరుగన్నం ముద్దలా వచ్చింది. దూరపు కొండలు నునుపు మరి. విసుగొచ్చి మన ఒంటిరాతి గుట్ట కిందికి పోయి కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మబ్బు కమ్మింది. ఒక్కటే రాయి, ఆకాశం దాకా. మీద పడుతుందేమోనని భయమేసింది, అయినా లేవబుద్ధి కాలేదు. కాకతీయుల నాటి శిల్పులు కూడా దీని కింద ఇట్లాగే బెదిరి ఉంటారు, లేకపోతే అంతంత రాతి తోరణాలు ఎందుకు ఎత్తుతారు? ఇంటికొచ్చి క్యాలెండర్ కొండను చెరిపి, నల్లటి గుట్టనే వేశాను.

పార్వతి వేషం కట్టే చిలుకమ్మ రిహార్సల్‌లో తెర చూసి, పాడుతున్న పద్యం మధ్యలోనే ఆపేసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "ఓ ఎల్లస్వామీ, దీని ముందల నేనెంత, నా పాటెంత!" అన్నది. ఇన్నేళ్ల పనిలో నాకు దక్కింది ఆ ఒక్క మాటే అనసూయా. రాస్తుంటే ఏడుపొస్తోంది.

నాటకం పెట్టిస్తున్న కిషన్ రావు మాత్రం నవ్వాడు.

"ఏందిది? కైలాసమంటే తెల్లగుండాలె గద! ఇది మన ఖిలా గుట్ట లెక్కున్నది."

"సూడని మంచు ఎట్ల ఏయాలె సారూ?"

"గంత ఫికరెందుకు? జర తెల్లరంగు కొట్టు, అయిపాయె."

వాదించే ఓపిక లేకపోయింది. నా చేతులతో నేనే గుట్టంతా తెల్లగా పూసి ఇచ్చేశాను. ఆ పూట అన్నం కూడా వండలేదు.

ఇంకో మాట, మీ అన్నకు చెప్పకు. జిగురు కలిపితేనే రంగు బట్టను పట్టుకుంటుందని నీకు తెలియదా, ఇన్నేళ్లూ తుమ్మజిగురు నానబెట్టి వడగట్టి ఇచ్చింది నువ్వే కదా. గుట్టకు కలిపాను. మంచుకు కలపలేదు. తెర చుట్టి విప్పినప్పుడల్లా కాస్త కాస్త రాలుతుంది.

ఆదివారం బండికి వస్తాను. నేనక్కడ నంబర్లు రాసుకుంటుంటే, ఇక్కడ ఆ మంచు అంతా రాలిపోయి మన గుట్ట బయటపడుతుంది. చిలుకమ్మ మళ్లీ కొంగు కప్పుకుంటుంది.

ఇట్లు,
నీ బావ
ఎల్లస్వామి