గేటు దగ్గరికి తెచ్చిన బట్టలు

నాయనా, ఇల్లు కట్టిన మనిషిని గేటు దగ్గర నిలబెట్టి బట్టలు పెట్టడం అవమానం. అదే మర్యాద అనుకుని నువ్వు బతికినన్నాళ్లూ చేతులు చాపావు. నాకూ అదే నేర్పావు.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయమే ఏర్పేడులో నేను బండలు పరిచిన ఇంటికి గృహప్రవేశం. వడ్రంగిని హాల్లో పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెట్టారు. మన కులం తెలుసు కాబట్టి, నా బట్టలు మాత్రం యజమాని తట్టలో పెట్టుకుని గేటు దగ్గరికే తెచ్చాడు.

“లోపల పూజ జరగతా ఉండాది. ఈడే తీసుకో అబ్బా.”

“ఆ పూజగదిలో బండలు అతికించింది నేనే కదన్నా. అప్పుడు లేని మైల ఇప్పుడు యాడ్నుంచి వచ్చె?”

“నేను పెట్టింది కాదప్పా. పెద్దోళ్ల కాలం నుంచీ ఉండేదే.”

“పెద్దోళ్లు ఎప్పుడో పోయినారు. గేటుకు అడ్డం నిలబడింది నువ్వు.”

ఆయన పక్కకు జరిగాడు. నేను లోపలికి వెళ్లి వడ్రంగి పక్కన కూర్చున్నాను. బట్టలు అక్కడే పెట్టారు.

“ఇంక నీకు పనెవరిస్తార్రా?” అని అమ్మ ఏడుస్తోంది. సోమవారం ఇంకో ఇంటి పని ఒప్పుకోవాలి. లోపల కూర్చోబెట్టి బట్టలు పెడితేనే తాపీ పడతానని ముందే చెబుతాను. తప్పంటావా? అయితే ఆదివారంలోగా అమ్మ కలలోకొచ్చి చెప్పు. రాకపోతే నువ్వూ సరేనన్నట్టే.