గోలులో మా పంతులమ్మ

ఆగస్టు 3, ఆదివారం

గెలిచాం. ఫైనల్‌కి వెళ్ళాం. మా తామ్వే పేట ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి ఇదే మొదటిసారి... అయినా మా కోచ్ కోనర్ మొహం మాడిపోయి ఉంది. మనం తిన్న ఆ ఒక్క గోలు నీ వల్లే సత్యా, అంటాడు.

నిజమే. బంతి నాకూ, గోల్‌కీపర్ సయామాకీ మధ్య పడింది. ఆవిడ ముందుకొస్తే చేతికందేది. డిఫెండర్ని నేను, పిలవాల్సింది నేనే. "సయామా, మీకు వీలైతే కాస్త ముందుకి..." అని మొదలుపెట్టాను. మాట పూర్తయ్యేసరికి బంతి వలలో ఉంది.

ఆరో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి. ఊరంతా సయామా అనే పిలుస్తుంది, పంతులమ్మ అని. బుద్ధుడి తరవాత, అమ్మానాన్నల వరసలోనే గురువుకీ దండం పెట్టే దేశం మా బర్మా. ఆవిడని పట్టుకుని "రా" అనాలట!

ఆగస్టు 5

దొరికిపోయాను.

కోనర్‌కి బర్మీస్ రాదు, సయామాకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యలో దుబాసీని నేను. ఇవాళ ఆయన, "గీత మీదే పాతుకుపోకు, కదులు" అని కేకేశాడు. నేను సయామాకి చెప్పింది — ఊ కోనర్ (ఊ అంటే ఇక్కడ గారు అని) మీ ఆట చాలా మెచ్చుకుంటున్నారు, ఓపిక ఉంటే అప్పుడప్పుడు రెండడుగులు ముందుకి వేయమని వారి మనవి.

జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన అనుమానంగా చూశాడు. నేనన్నది ఇంత పొట్టిగా ఉంటే నువ్వు చెప్పేది అంత పొడుగెందుకు, అన్నాడు.

బర్మీస్ భాషే అంత అన్నాను. నమ్మలేదు.

ఆగస్టు 9

వాన. కరెంటు లేదు. ప్రాక్టీసు ఎగ్గొట్టి టీకొట్లో చేరాం. ఎవరో కోనర్ పాత మ్యాచ్ ఒకటి ఫోన్లో పట్టారు.

బురద మైదానం. కుర్ర కోనర్, తలకి కట్టు, కట్టు మీద రక్తం. వచ్చిన ప్రతి బంతినీ ఆ తలతోనే కొడుతున్నాడు. నోరు మూత పడదు. వెనక నెరిసిన జుట్టు గోల్‌కీపర్, ఈయన తండ్రి వయసు. అతని మీదా కేకలే. అతను బుద్ధిగా వింటున్నాడు!

ఐర్లండులో కొన్నాళ్ళు, ఇంగ్లండులో చిన్న చిన్న ఊళ్ళ జట్లలో మరికొన్నాళ్ళు, మోకాలు అరిగేదాకా ఆడాడట. ఎన్ని కప్పులు గెలిచారు ఊ కోనర్, అని పిల్లలు అడిగారు. చేతిలో ఉన్న టీ కప్పు పైకెత్తి చూపించాడు. ఒక్కటీ లేదు.

నవ్వాం. తరవాత నెమ్మదిగా చెప్పాడు, ఇక్కడి స్కూల్లో తన ఉద్యోగం ఈ నెలాఖరుకి అయిపోతుందని. వెళ్ళిపోతాడు.

ఆ చేతిలో కప్పు పెట్టే పంపాలి. ఇంకో దారి లేదు.

ఆగస్టు 12

ఇవాళా "రా" అనలేకపోయాను. ఆవిడ మొహం చూడగానే ఎక్కాలు అప్పజెప్పే ఆరో తరగతి పిల్లనైపోతాను. అరవలేకపోతే ఫైనల్లో బెంచీ మీద కూర్చో, వేరే అమ్మాయిని దింపుతానన్నాడు కోనర్. ఉత్త బెదిరింపు కాదు.

బస్సులో ఏడ్చాను. కిటికీ వైపు తిరిగి.

ఆగస్టు 14

మధ్యాహ్నం చౌక్తడాలో నేను పనిచేసే లాయరుగారి ఆఫీసు మెట్ల మీద సయామా! టిఫిన్ క్యారియర్‌తో. తినమంది. తిన్నాక అడిగింది, ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడుకుంటారని. తెలుగు అన్నాను. నీ చెల్లెల్ని రమ్మనాలంటే ఏమంటావు?

"రా."

"దేన్నన్నా వదిలెయ్యమనాలంటే?"

"ఒగ్గీ."

బడిపిల్లలా వల్లె వేసింది. రా, ఒగ్గీ. రా, ఒగ్గీ. ఆఫీసు గుమాస్తాలు తొంగి చూస్తున్నా సిగ్గుపడలేదు. చివరికి అంది: "మా సత్యా, బర్మీస్‌లో అయితే ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. నీకూ గుచ్చుకుంటుంది. మీ భాషలో అయితే నాకది ఈల శబ్దంతో సమానం. ఇంక అరువు."

ఇన్నాళ్ళూ ఇది నాకెందుకు తట్టలేదు... పంతులమ్మ పంతులమ్మే.

ఆగస్టు 15

ప్రాక్టీసులో "రా" అన్నాను. వచ్చింది. "ఒగ్గీ" అన్నాను. వదిలేసింది. కోనర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ రాయైతేనేం అనుకున్నాడేమో, చప్పట్లు కొట్టాడు.

ఆగస్టు 17, ఆదివారం

గెలిచాం గెలిచాం గెలిచాం.

కుండపోత. మైదానమంతా మడుగులు. ఎదురుగా మింగళాడోన్ జట్టు, అందరూ తాటిచెట్లే. కోనర్ మాత్రం గొడుగు లేకుండా నిలబడి సొంతూరికి వచ్చినట్టు నవ్వుతున్నాడు. మొదటి సగంలోనే మేం ఒక గోలు కొట్టేశాం. ఇక మిగిలిందంతా కాపలా.

చివర్లో బంతి వచ్చి మడుగులో ఆగింది. అచ్చం అలాగే, నాకూ సయామాకీ మధ్య. వాళ్ళ పొడుగుపిల్ల పరిగెత్తుకొస్తోంది. సయామా ఓ అడుగు వేసింది. "ఒగ్గీ!" — నా గొంతేనా అది? ఆవిడ కొయ్యలా ఆగింది. నేను బురదలో జారి బంతిని బయటికి తన్నేశాను. అటునుంచి మళ్ళీ గాల్లోకి లేపారు. "రా!" వచ్చింది. పిడికిలితో ఒక్క గుద్దు. ఆ పొడుగుపిల్లతో కలిపి ముగ్గురం మడుగులో పడ్డాం. ఈల.

మైదానంలో నా మాటలు అర్థమైంది ఒక్క అమ్మకే. గొడుగు ముడిచి దిగి వచ్చింది. "సదువు సెప్పిన తల్లిని పట్టుకుని ఒగ్గీ అంతావేటే? నోరు పడిపోద్ది. ముందు ఆయమ్మ కాళ్ళకి దండం ఎట్టు."

మీ అమ్మ ఏమంటోందని సయామా అడిగింది. చాలా సంతోషంగా ఉందట, అన్నాను. ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

కప్పు కోనర్‌కి ఇచ్చాం. రెండు చేతులా పట్టుకున్నాడు. ఎప్పుడూ మూత పడని నోరు మూత పడింది. ఇంటిదాకా బస్సులో ఒళ్ళోంచి దించలేదు. ఇంత ఆనందం నాకు ఇంకెప్పుడూ తెలియదు.

ఆగస్టు 18

గొంతు పోయింది. జలుబా అని అడిగారు లాయరుగారు. కాదు సార్, కప్పు.

ఆగస్టు 30, శనివారం

విమానాశ్రయం. జట్టంతా వెళ్ళాం. తనిఖీ దగ్గర కోనర్ మీద యంత్రం కూసింది. చొక్కా లోపల మెడలో ఫైనల్లో ఇచ్చిన మెడల్. తీయమంటే తీయడే! చివరికి తీసి, వాళ్ళు చూసేదాకా దాని మీంచి కన్ను తిప్పలేదు.

లోపలికి వెళ్ళే ముందు తన ఈల నా మెడలో వేశాడు. రేపు ప్రాక్టీసు నువ్వే పెట్టించు, జట్టు నీది, అన్నాడు. ఏమన్నాడని సయామా అడిగింది. మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

నాకు ఆట వచ్చు. రెండు మాటలు అరవడం వచ్చు. జట్టంతటినీ నడపడం... రోజూ, ప్రతి మాటా... నాకు చేతనవుతుందా? అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపుతున్నాడు, జవాబు కోసం చూస్తున్నాడు. నేను ఈల పట్టుకుని నిలబడిపోయాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

బస్సు వచ్చింది. అందరూ ఎక్కేశారు. నేను ఇంకా అద్దం దగ్గరే.

వెనకనుంచి సయామా గొంతు, తెలుగులో: "రా."

వెళ్ళి బస్సెక్కాను. జవాబు మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు.