రాజేశ్వరమ్మగారి వంకర బొట్టు

ఐసెలిన్, అమెరికా, సెప్టెంబరు 1984

అమ్మా,
నేను కులాసా. వరలక్ష్మీ వ్రతం పేరంటంలో మా పక్కింటి రాజేశ్వరమ్మగారు నాకు పెట్టిన బొట్టు కనుబొమ మీదికి జారింది. "ఆంటీ, కళ్లజోడు మార్చండి!" అని అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు, కానీ మూతి ఒకవైపే కదిలింది, మాట ముద్దగా వచ్చింది. నా నర్సు చదువు ఊరికే పోలేదమ్మా, పక్షవాతమని వెంటనే పోల్చుకున్నాను.

నాతో ఉండే దరిషా షిల్లాంగు కొండల ఖాసీ తెగ అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ కొండమూలికలతో వైద్యం చేస్తుంది, దీనికీ ఓ సీసాడు తైలం ఇచ్చి పంపింది. ఆంటీ భర్త, "ఆ అమ్మాయి చేత తైలం రాయిస్తే సర్దుకుంటుందిలే" అన్నారు. దరిషాయే ఒప్పుకోలేదు. "మా అమ్మమ్మ అయినా ముందు హాస్పిటల్‌కే పంపుతుంది అంకుల్" అంటూ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

ఆవిడ హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చారు. డాక్టరు సరేనన్నాక దరిషా ఆ తైలంతోనే ఆవిడ పట్టు తప్పిన చెయ్యి మర్దనా చేస్తోంది. నిన్న అదే చేత్తో నాకు మళ్లీ బొట్టు పెట్టారు, సరిగ్గా నడినొసట.

నీ బీపీ చూపించుకున్నావా? ఆవకాయ తగ్గించు. మూతి వంకరపోయినా, చెయ్యి చచ్చుబడినా, మాట తడబడినా నాటుమందు కోసం ఆగకుండా ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్లు.

ఇది చదివి వినిపించే పంతులమ్మగారికి నమస్కారాలు. నన్ను బడిలో చేర్చింది ఆవిడే కదా, ఆ చదువే ఇవాళ అక్కరకొచ్చింది; బొట్టు సంగతి ఆవిడచేత రెండుసార్లు చదివించుకో.

నీ కూతురు,
కోటేశ్వరి