ఇమేజ్‌లోంచి బయటికి

2009 జులై 6, సోమవారం
ఏలూరు ఆఫీసుకని తాడేపల్లిగూడెంలో ప్యాసింజర్ ఎక్కేసరికే కాళ్ళు వాచాయి. ఐదో నెల. రైలు ప్రయాణాలు మానెయ్యమంది డాక్టరమ్మ. ఇంటికి దగ్గర్లోని కాలేజీలో ఉద్యోగం వచ్చిందని జాన్సన్ గారికి చెప్పేశాను. ఆఫీసు ఆయనది, ప్రోగ్రామూ ఆయనదే. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.
"ఆపే హక్కు నాకు లేదమ్మా షమీమ్. సతీష్‌కి అప్పజెప్పి వెళ్ళు."
సతీష్ నాతోపాటే ఆ ప్రోగ్రాం మీద పనిచేసే కుర్రాడు. అప్పజెప్పడమే కదా కష్టం.

జులై 8
ఎప్పుడో ఆయనొక్కరే స్మాల్‌టాక్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న ప్రోగ్రాం. కైకలూరు చేపల లోడ్లు, ఐసు, లారీలు — అన్నీ అదే చూస్తుంది. కోడ్, దాన్ని రాసే తెర మీది కిటికీలు, నడుస్తున్న ప్రోగ్రాం, మొత్తం కలిపి ఒకే ఫైలు. ఇమేజ్ అంటాం. నా కాపీలో నేను మారుస్తాను, తన కాపీలో సతీష్. ఆఖర్న ఎవరు సేవ్ చేస్తే వాళ్ళదే రాజ్యం.

జులై 9
రాజ్యం సతీష్‌ది. లారీల విషయంలో నేను చేసిన దిద్దుబాటు అతని కాపీ కింద పోయింది. ఒకే లారీని ఇద్దరు రైతులకి కేటాయించింది ప్రోగ్రాం. కైకలూరు నుంచి చెరువు రైతు సుబ్బరాజు గారి ఫోన్ — "ఏవండీ, ఐసు కరిగిపోయిందండీ. చేపలింకా గట్టు మీదే ఉన్నాయండీ. ఎవర్నడగమంటారు?"
అరవలేదు. అరిచినా బాగుండేది.

జులై 13
"గిట్‌లో పెడదామండీ. ఎవరేం మార్చారో తెలుస్తుంది" అంటాడు సతీష్. మార్పుల చిట్టా రాసిపెట్టే ఆ గిట్‌కి విడివిడి ఫైళ్ళు కావాలి. ఇమేజ్‌లో ఫైళ్ళెక్కడివి? ఒక్కో మెథడ్‌ని, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్కని, ఒక్కో చిన్న ఫైలుగా బయటికి రాయించడం మొదలుపెట్టాను.

జులై 17
బయటికొస్తున్నాయి. తిరిగి లోపలికి తెస్తేనే వరస తప్పుతోంది. కోడ్‌లో తల్లి క్లాసు మీద ఆధారపడే పిల్ల క్లాసు ముందొచ్చి తల్లి ఏదని అడుగుతోంది, ఆగిపోతోంది.
నడుం నొప్పి. ఇంట్లో ఆయన — "ఇంకెన్నాళ్ళు?"

జులై 22
కుదిరింది! కావాలనే ఇద్దరం ఒకే మెథడ్ మార్చాం. గిట్ ఆగి, రెండూ చూపించి, ఏది ఉంచాలని అడిగింది. సతీష్ కుర్చీలోంచి లేచాడు — "పోలేదండీ! మీదీ ఉంది, నాదీ ఉంది!"
జాన్సన్ గారు తెర దగ్గరికి ముఖం పెట్టి చూశారు. "మసగ్గా ఉందమ్మా. చదివి పెట్టు." ఆయన రాసిన కోడ్ ఆయనకే చదివి వినిపించాను. అక్కడక్కడ నవ్వుకున్నారు.

జులై 24
కొత్త ఖాళీ ఇమేజ్ తెచ్చి, గిట్‌లోంచి మొత్తం కట్టాం. ప్రోగ్రాం లేచింది. లోపల ఎవరూ లేరు. చెరువులు లేవు, రైతులు లేరు, సుబ్బరాజు గారు లేరు.
"వాళ్ళందర్నీ చేత్తో పెట్టానమ్మా, లోపలే. ఏ ఏటికాయేడు" అన్నారు జాన్సన్ గారు.
గిట్‌లోకి వెళ్ళింది కోడ్ మాత్రమే. మనుషులంతా పాత ఇమేజ్‌లోనే ఉండిపోయారు. చెరువుని లాగితే రైతు వస్తున్నాడు, రైతుని లాగితే లారీ, లారీని లాగితే తెర మీది కిటికీ కూడా... ఏదీ ఒంటరిగా రాదు.

జులై 25
రైలు ఆలస్యం. ఏలూరు స్టేషన్ బెంచీ మీద ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

జులై 28
కాలేజీ నుంచి ఫోన్. "సోమవారం చేరుతున్నారు కదండీ?"
"చేరతానండీ."
ఎలా?

ఆగస్టు 1, శనివారం
రైతులు బయటికొచ్చారు. చెరువులు సగం. లారీలు రానంటున్నాయి.
సాయంత్రం జాన్సన్ గారు ఆఫీసు తాళంచెవి తీసి నా ముందు పట్టుకున్నారు. "సోమవారం కంటి ఆపరేషనమ్మా. నేను వచ్చేదాకా చూసుకుంటావా? కుదరదంటే చెప్పు, ఏమీ అనుకోను." సతీష్ కీబోర్డు వంక చూస్తున్నాడు. కాలేజీలో చేరేదీ ఆ రోజేనని ఆయనకి చెప్పలేదు నేను. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను...
అలాగేనండీ అనలేదు. కుదరదనీ అనలేదు.
తాళంచెవి కోసం చెయ్యి మాత్రం చాచాను.