ఇంకో ర్యామ్‌కు జాగా

శంషాబాద్

అమ్మకు వందనాలు. నేను బాగున్నాను, గోదాములో పని కూడా బాగానే ఉంది, దిగులు పడకు.

ఫ్లెక్సీలు డిజైన్ చేయడానికి కంప్యూటర్ కావాలన్నాను కదా, అయింది. దుకాణం అబ్బాయి "అక్కా, లైట్లున్న డబ్బా తీస్కో, మస్తుగుంటది" అన్నాడు. "లైట్లు మా రూముల ఉన్నయ్ తమ్మీ. ఇంకో ర్యామ్‌కు జాగున్న బోర్డు చూపియ్" అన్నాను. ప్రాసెసర్ కూడా బొమ్మను తనే చూపించేది తీసుకున్నాను, గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పింది. ర్యామ్ ఇప్పటికి ఒకటే, రెండోది తర్వాత.

విడి భాగాలు రూముకు తెచ్చి అన్నీ నేనే బిగించాను. ప్రార్థన చేసి మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది కానీ తెర నల్లగానే ఉంది. విరుగుతుందేమోనని ర్యామ్‌ను మెల్లగా పెట్టాను మరి. "పిండికి భయపడ్తే రొట్టె గాదు బిడ్డా" అంటావే, అది గుర్తొచ్చి గట్టిగా ఒత్తాను. టక్కుమని కూర్చుంది, తెర వెలిగింది!

బాపు మోకాలు ఎట్లా ఉంది? తమ్ముడు జయకర్ వచ్చేటప్పుడు జొన్నపిండి పంపు. చర్చి కన్వెన్షన్ ఫ్లెక్సీ ఈసారి నాదేనని పాస్టరుగారికి చెప్పు.

ఇదంతా ఫోనులో చెబితే నీ దగ్గరే ఆగిపోతుంది. కార్డయితే పోస్టుమాన్ కూడా చదువుతాడు. సిల్వియా కంప్యూటర్ కొనలేదు, చేసింది.

నీ బిడ్డ
సిల్వియా