నాడెకు ఎంగిలి లేదు

1941 ఫిబ్రవరి 5, కర్నూలు

మా ఆయనకు క్షయ అని తేలింది. స్పుటం పాజిటివ్, అంటే కళ్లెలో పురుగు కనబడింది అన్నారు. శానిటోరియంలో బెడ్డు ఖాళీ అయితే కబురు చేస్తారట. ఎప్పుడని అడిగితే డాక్టరమ్మ చెప్పలేకపోయింది. ఆయన సంగతి అంతటితో ఆపి ఉరుకుంద గురించి అడిగింది. మాకున్న ఒక్కతే కూతురు, ఏడేళ్లది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు కాంటాక్టులట, జబ్బు అంటుకునే వీలున్నవాళ్లట. అంటకుండా చూసుకోవడమే తప్ప వేరే మందు లేదట. నాకూ దానికీ చేతికి టెస్టు ఇంజక్షన్ వేశారు. వాస్తే లోపల పురుగు ఉన్నట్టు.

ఫిబ్రవరి 7

నా చెయ్యి వాచింది. దానిది వాయలేదు. నెగెటివ్! ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేశాను, సంతోషంతో. నాది ఏమైతే నాకేం. ఏప్రిల్లో మళ్లీ చూస్తారట. అందాకా బిడ్డను తండ్రి దగ్గరికి పోనివ్వకు, అంతే నీ పని అంది డాక్టరమ్మ. అంతేనట.

ఫిబ్రవరి 11, నందికొట్కూరు

ఆయన మంచం వసారాలో వేశాను. కంచం వేరు, చెంబు వేరు. ఉమ్మి మూకుడు రోజూ ఉడకబెడుతున్నాను. పిల్లను కొన్నాళ్లు ఉంచుకోమని భీమక్కను అడిగాను. నా తోడబుట్టిన అక్క. నా ఇంట్లోనూ పిల్లోల్లు ఉండారు గదమ్మే, ఏమనుకోవద్దు అంది. ఏమనుకోను? నేనైనా అదే అనేదాన్నేమో.

ఫిబ్రవరి 20

ఆయన నేసే మగ్గం గుంతలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఇన్నాళ్లూ కండెలకు దారం చుట్టడమే తప్ప నేసింది లేదు. అంచు వంకర పోతోంది. నీ చీర కట్టుకున్నామె పక్కకి నడుస్తాది అన్నాడు ఆయన వసారాలోంచి. ఎన్నాళ్లకో నవ్వాను.

ఊరికే పడుకుంటే పిచ్చెక్కుతాండాది, ఏదన్నా పని ఇయ్యి మేయ్ అని బతిమాలాడు. నాడెల్లో, మగ్గం మీద అటూ ఇటూ దారం మోసే ఆ కొయ్యల్లో, కండె పెట్టి కన్నులోంచి దారం తీసే పని ఇచ్చాను. ఆయన గడప మీద పెడతాడు, ఉరుకుంద తెచ్చి నాకిస్తుంది. ఒకరినొకరు ముట్టుకునే పనే లేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మార్చి 4

దారం తెగింది. ఉరుకుంద నాడె అందుకుని, దాని కన్నుకు నోరానించి, సర్రున దారం పీల్చి నాకిచ్చింది.

కొత్తగా చూసిందేమీ కాదు. మేమంతా అలాగే తీస్తాం. ఆయనా వసారాలో అలాగే తీస్తున్నాడు, ఆ కన్నుకే నోరు పెట్టి. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరిని ముట్టనివ్వని దాన్ని, నాడె మాత్రం నాకు గుర్తుకే రాలేదు. నాడెకు ఎంగిలి లేదని మా అత్త అనేది. మా వీధిలో అందరూ అనేదే. కూడు పెట్టే వస్తువుకు ఎంగిలేమిటని. ఇన్ని రోజులూ ఆయన నోటి నుంచి బిడ్డ నోటికి నాడె మోయించాను. బిడ్డ చేతనే మోయించాను.

మార్చి 5

పొయ్యి వెలిగించలేదు.

మార్చి 8

నాడెలు ఉడకబెడితే రెండు చీలాయి. వంచిన సూదితో దారం లాగడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పనంతా నాదే.

అయినా నేను గుంతలో దిగితే చాలు, ఉరుకుంద వసారాలోకి జారుకుంటుంది. వాళ్ల నాయన చెప్పే కథలు కావాలి. నా మాట గాలికి పోయింది. ఇక దాన్ని తిట్టమని ఆయన్నే అడిగాను, ఆయనంటే బిడ్డకు భయం పుట్టాలన్నాను. నా వల్ల కాదు మేయ్, ఇన్నేండ్లకి పుట్టిన బిడ్డ అన్నాడు. కాళ్లు పట్టుకున్నాను.

మార్చి 11

తిట్టాడు. ఈడికొస్తే కాళ్లిరగ్గొడతా అని చెంబు విసిరాడు. దానికి తగలకుండా విసిరాడు, నేను చూశాను. అది నా కొంగులో దూరి, నాయనకి నేనంటే ఇష్టం ల్యాదా అంది. లేదన్నాను. నాకు నరకం తప్పదు. పని మాత్రం జరిగింది.

మార్చి 24

ఉరుకుంద ఇప్పుడు గడప దాటేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటోంది. ఆయన చూసి, మంచిదే, అట్లనే ఉండనీ అన్నాడు. తర్వాత అన్నం ముట్టలేదు. బెడ్డు గురించి కబురు లేదు.

ఏప్రిల్ 9, కర్నూలు

ఉరుకుందకు మొన్న మళ్లీ టెస్టు ఇంజక్షన్ వేశారు.

వాచింది.

పురుగు లోపలికి చేరింది గానీ ఇది ఇంకా జబ్బు కాదు, శానామంది పిల్లలు తట్టుకుంటారు అంది డాక్టరమ్మ. పాలు, గుడ్లు పెట్టాలట. నెలనెలా బరువు చూపించాలట. ఇంకా ఎక్కువ చేరకుండా తండ్రికి దూరంగానే ఉంచాలట. నాడె సంగతి చెప్పాను. అంతకుముందే చేరి ఉండొచ్చు, మొదటి టెస్టుకు అందకపోయి ఉండొచ్చు అంది. నన్ను ఓదార్చడానికే అంది. బస్సులో ఉరుకుంద తన చెయ్యి తడుముకుంటూ కూర్చుంది. ఏడవలేదు. నేనే ఆపుకోలేకపోయాను.

అదే రోజు సాయంత్రం

బస్సు దిగీ దిగగానే వసారా గడప దగ్గరికి పరుగెత్తింది. చెయ్యి చాపి చూపించింది. నాకూ వచ్చినాది నాయనా, ఇంక నీ కాడికి రావచ్చునా అంది.

ఆయన తిట్టబోయాడు. దగ్గు అడ్డమొచ్చింది.

అది గడప మీదే కూర్చుని ఉంది, జవాబు కోసం.